సంతకానికి ముందు: నర్సింగ్ నైతిక సూత్రాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నాలుగు నైతిక సూత్రాలు ఏ పరిస్థితుల్లో రూపొందాయో వివరించగలుగుతారు.
• ఆ సూత్రాల బలాన్ని, పరిమితులను మన ప్రాంతపు వార్డుల దృష్టితో విమర్శించగలుగుతారు.
• శస్త్రచికిత్స సమ్మతి విషయంలో నర్సు తీసుకోవలసిన నిర్ణయాన్ని దశలవారీగా చర్చించగలుగుతారు.

1. పరిచయం

దీనికి ముందు భాగంలో మీరు నర్సింగ్ వృత్తికి ఆధారమైన నాలుగు నైతిక సూత్రాలను చదివారు. రోగి స్వయంనిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం పాటించడం అనేవి ఆ నాలుగు. వీటి నిర్వచనాలు మీకు ఇప్పటికే వచ్చి ఉంటాయి కనుక ఇక్కడ మళ్లీ నిర్వచించడం లేదు. ఈ సూత్రాలు మన ఆసుపత్రుల్లో ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ మౌనంగా ఉండిపోతాయి అన్నది ఈ భాగంలో పరిశీలిద్దాం. విమర్శ అంటే తప్పులు పట్టడం మాత్రమే కాదు. ఒక భావన బలం ఎంతో, దాని హద్దు ఎక్కడో తేల్చి చెప్పడం కూడా విమర్శే.

ముందుగా ఒక సన్నివేశం. ఇది ఊహించినదే. అయినా కర్నూలు, కడప ప్రాంతాల్లో పనిచేసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

కోసిగి వైపు పల్లె నుంచి ఒక స్త్రీ ఆసుపత్రిలో చేరింది. వయసు 32. ముగ్గురు పిల్లలు. చిన్నవాడు పుట్టిన తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. ఏడాదిగా నడుము నొప్పి, తెల్లబట్ట. రేపు ఉదయం ఆమెకు గర్భసంచి తొలగించే శస్త్రచికిత్స. రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు కేసు షీటు, సమ్మతి పత్రం తీసుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

“రేపు ఏం ఆపరేషనో చెప్పినారా అమ్మా?” అని నర్సు అడిగింది.

“కడుపులో పుండు తీస్తారంట సిస్టరమ్మా. మా ఇంటాయప్ప టీ తాగను పోయినాడు, వచ్చి సంతకం పెడ్తాడు. మిరపకాయల పనికి గుంటూరు దిక్కు పోవల్ల. అంతలోపల అయిపోతే సాలు.”

తన శరీరం నుంచి ఏది తీసివేయబోతున్నారో ఆమెకు తెలియదు. సంతకం మరొకరు పెడతారు. వైద్యుడు రౌండ్లు ముగించి వెళ్లిపోయారు. ఉదయం థియేటరు జాబితాలో ఆమె పేరు రెండవది. ఇప్పుడు నర్సు ఏం చేయాలి? ఈ ప్రశ్నను చేతిలో ఉంచుకుని నాలుగు సూత్రాలను పరీక్షిద్దాం.

2. సూత్రాల పుట్టుక

ఒక సూత్రాన్ని విమర్శించాలంటే అది ఏ గాయం నుంచి పుట్టిందో తెలియాలి. ఈ నాలుగు సూత్రాలను టామ్ బోషాంప్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1979లో జీవవైద్య నీతిపై వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. అదే సంవత్సరం అమెరికాలో బెల్మాంట్ నివేదిక కూడా వెలువడింది. మనుషులపై జరిపే పరిశోధనలకు అది నైతిక హద్దులు గీసింది. ఆ నివేదిక వెనుక ఒక ఘోరమైన ఉదంతం ఉంది.

అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి పురుషులను ప్రభుత్వ ఆరోగ్య శాఖ పరిశీలనలో ఉంచింది. వాళ్లకు జబ్బు పేరు చెప్పలేదు. ‘చెడు రక్తం’ అని మాత్రమే చెప్పారు. 1940ల మధ్యకల్లా పెన్సిలిన్ ఆ జబ్బుకు సమర్థమైన మందుగా స్థిరపడినా ఇవ్వలేదు. చికిత్స లేకపోతే జబ్బు ఎలా ముదురుతుందో చూడటమే ఆ అధ్యయనం ఉద్దేశం. టస్కీగీ అధ్యయనంగా ప్రసిద్ధమైన ఈ వ్యవహారం 1972లో పత్రికలకెక్కాకే ఆగింది.

అందువల్ల స్వయంనిర్ణయం అన్న సూత్రం విలాసంగా పుట్టినది కాదని గమనించండి. పేదవారిని, చదువురానివారిని, నోరులేనివారిని మోసం చేసిన అనుభవం నుంచి అది పుట్టింది. “ఇవి పాశ్చాత్య సూత్రాలు, మన దేశానికి పట్టవు” అనే వాదన మీకు తరచుగా వినిపిస్తుంది. ఆ వాదన చేసేవారు ఈ చరిత్రను మరిచిపోతున్నారు. మేకన్ కౌంటీలో మోసపోయిన పేద రైతుకూలీకి, కోసిగి నుంచి వచ్చిన మన వ్యవసాయ కూలీకి మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

ఇది సూత్రాల బలం. ఇక వాటి లోపాలు చూద్దాం.

3. మొదటి విమర్శ: మంచం చుట్టూ ఉన్న మనుషులు

సూత్రాలను బోధించే పుస్తకాల్లో రోగి ఒంటరిగా ఉంటాడు. ఎదురుగా వైద్యుడో నర్సో ఉంటారు. సమాచారం ఇస్తారు, రోగి ఆలోచించుకుంటాడు, అవునో కాదో చెబుతాడు. మన వార్డులో మంచం చుట్టూ భర్త, అత్త, అన్న, ఊరి నుంచి తోడు వచ్చిన మనిషి ఉంటారు. రోగిని చేర్చింది వాళ్లే. ఓపీ చీటీ దగ్గర్నుంచి అన్నం దాకా తెచ్చేది వాళ్లే. మాట్లాడేదీ వాళ్లే.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? రెండు తేలికైన సమాధానాలు ఉన్నాయి. రెండూ సరిపోవు.

కుటుంబం జోక్యం చేసుకోవడమే తప్పు, రోగిని వేరుచేసి మాట్లాడాలి అన్నది మొదటి సమాధానం. అయితే పైన చెప్పిన స్త్రీ ఇంటికి వెళ్లాక ఆమెకు కొన్ని వారాల విశ్రాంతి కావాలి. బరువులు ఎత్తకూడదు. ఆ విశ్రాంతి ఇవ్వగలిగినది కుటుంబమే. వాళ్లకు విషయం తెలియకుండా ఆమె తీసుకున్న నిర్ణయం ఇంటి గడప దాటగానే కూలిపోవచ్చు.

మన సంస్కృతిలో కుటుంబమే నిర్ణయిస్తుంది, భర్త సంతకం చాలు అన్నది రెండో సమాధానం. ఇది సంస్కృతిని గౌరవించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఇది బలహీనురాలి నోరు మూయడానికి సంస్కృతి పేరు వాడుకోవడం. ఈ విషయంలో మన చట్టం స్పష్టంగా ఉంది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు, తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. రోగి వయోజనురాలు, నిర్ణయం తీసుకోగల స్థితి ఉన్న మనిషి. అత్యవసరంగా ప్రాణం కాపాడవలసిన పరిస్థితి కూడా లేదు. కనుక తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు సమ్మతి కాదని కోర్టు తేల్చింది. కన్నతల్లి అనుమతే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది? గర్భస్రావానికి సంబంధించిన 1971 నాటి చట్టం కూడా వయోజన స్త్రీ విషయంలో ఆమె సమ్మతినే కోరుతుంది, భర్త సమ్మతిని కోరదు.

అయితే ఆ తీర్పును కూడా మీరు విమర్శనాత్మకంగా చదవాలి. రోగికి ఎంత సమాచారం ఇవ్వాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అమెరికాలో కోరినంత విస్తారమైన సమాచారాన్ని ఇక్కడ కోరనవసరం లేదని కోర్టు భావించింది. మన దేశంలోని పేదరికాన్ని, నిరక్షరాస్యతను, వైద్యుడిపై ప్రజలు పెట్టుకునే నమ్మకాన్ని దృష్టిలో పెట్టుకుంది. ఈ వాదనలో ఆచరణ జ్ఞానం ఉంది. ప్రమాదం కూడా ఉంది. చదువు తక్కువైనవారికి తక్కువ చెబితే చాలు అనే అలవాటుకు అది ఊతమిస్తుంది. నర్సింగ్ దృష్టిలో లెక్క తిరగబడాలి. చదువు తక్కువైన మనిషికి ఎక్కువ సమయం, మరింత తేలిక మాటలు, అవసరమైతే ఒక బొమ్మ కావాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి ఆదోని, ఆలూరు వైపు నుంచే కాక రాయచూరు, బళ్లారి, గద్వాల వైపు నుంచి కూడా రోగులు వస్తారు. వారిలో కొందరిది కన్నడం, కొందరిది ఉర్దూ. తెలుగులో అచ్చు వేసిన పత్రం వాళ్లకు చదివి వినిపించినంత మాత్రాన సమాచారం ఇచ్చినట్టు కాదు.

కాబట్టి సూత్రాన్ని ఇలా సవరించుకోవచ్చు. కుటుంబం మాటల్లో ఉండవచ్చు. నిర్ణయం మాత్రం ఆమెదే. ఆమెకు ‘వద్దు’ అని చెప్పే వీలు ఒక్కసారైనా, ఎవరూ పక్కన లేని చోట, దొరికి తీరాలి.

4. రెండవ విమర్శ: నర్సు చేతుల్లో ఏముంది?

నాలుగు సూత్రాలు నిర్ణయం తీసుకునే వ్యక్తికి అధికారం ఉందని అనుకుని మాట్లాడతాయి. శస్త్రచికిత్స చేయాలా వద్దా అన్న నిర్ణయం నర్సుది కాదు. “సంతకం తీసుకుని పెట్టండి సిస్టర్” అన్న మాట ఆమెకు పైనుంచి వస్తుంది. ఆ మాటకు, మంచం మీది మనిషికి మధ్య నిలబడిన వ్యక్తికి ఈ సూత్రాలు ఏం చెబుతున్నాయి? నేరుగా ఏమీ చెప్పవు. నర్సింగ్ విద్యార్థికి ఇది పెద్ద లోటు.

వృత్తి చరిత్ర కూడా ఇందుకు కొంత కారణం. దీపం వెలిగించే కార్యక్రమంలో మీరు చేసిన నైటింగేల్ ప్రతిజ్ఞను గుర్తు చేసుకోండి. పేరు ఆమెదైనా దాన్ని ఫ్లారెన్స్ నైటింగేల్ రాయలేదు. 1893లో డెట్రాయిట్ నగరంలోని ఒక నర్సింగ్ పాఠశాలకు చెందిన లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలోని బృందం దాన్ని తయారు చేసింది. వైద్యుడి పనికి విధేయతతో తోడ్పడటం అందులో ఒక ప్రమాణం. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన మొదటి నియమావళిలో కూడా వైద్యుడి ఆదేశాలను విధేయతతో అమలు చేయాలన్న బాధ్యత ఉంది. 1973లో ఆ నియమావళిని తిరగరాసినప్పుడు ఆ అంశం పోయింది. నర్సు ప్రాథమిక బాధ్యత నర్సింగ్ సేవ అవసరమైన ప్రజల పట్ల అని చేరింది. ఇరవై ఏళ్లలో వృత్తి తన ముఖం వైద్యుడి వైపు నుంచి రోగి వైపు తిప్పుకుంది.

కాగితంపై జరిగిన ఈ మార్పు వార్డుకు చేరిందా? ఈ ప్రశ్నకు మీ అనుభవమే సమాధానం. 1893 నాటి ప్రతిజ్ఞను కంఠస్థం చేయించి, 1973 తరువాతి నియమావళిని పరీక్ష కోసం చదివిస్తే, విద్యార్థి మనసులో ఏది నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

సరైనది ఏదో తెలిసీ, వ్యవస్థ అడ్డుపడటం వల్ల చేయలేకపోయినప్పుడు కలిగే బాధను ఆండ్రూ జేమ్‌టన్ 1984లో ‘నైతిక వేదన’ అన్నాడు. రాత్రి డ్యూటీ నర్సుకు ఇది బాగా తెలిసిన బాధే. అయితే ఈ భావనను కూడా జాగ్రత్తగా వాడాలి. వేదన పడటం ఒక్కటే సరిపోదు. “నా చేతుల్లో ఏమీ లేదు” అన్న మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు సాకు అన్నది విడదీయాలి. మన సన్నివేశంలో శస్త్రచికిత్సను రద్దు చేసే అధికారం నర్సుకు లేదు. తెలియని మనిషి చేత సంతకం చేయించకుండా ఆగే అధికారం మాత్రం ఉంది. సాక్షిగా తన పేరు రాయడానికి నిరాకరించే హక్కు కూడా ఉంది.

5. మూడవ విమర్శ: కరుణ ఒక్కటే చాలదు

నాలుగు సూత్రాలు మరీ పొడిగా ఉన్నాయని, నర్సింగ్‌కు అసలు పునాది శ్రద్ధ, ఆప్యాయత, సంబంధం అని వాదించినవారు ఉన్నారు. కరోల్ గిలిగన్ 1982లో, నెల్ నాడింగ్స్ 1984లో ఈ దిశగా ముఖ్యమైన గ్రంథాలు వెలువరించారు. దీన్ని ‘సంరక్షణ నీతి’ అంటారు. మన విద్యార్థులకు ఇది వెంటనే నచ్చుతుంది. రోగిని “అమ్మా”, “అక్కా”, “పెద్దాయనా” అని పిలిచే నేల మనది. వరస కలపకుండా సేవ మొదలుకాదు.

అయితే టస్కీగీ ఉదంతాన్ని ఇప్పుడు మరొకసారి చూడండి. ఆ నలభై ఏళ్లూ ఆ పురుషులకు, వైద్యులకు మధ్య వారధిగా నిలిచింది ఒక నర్సు. పేరు యూనిస్ రివర్స్. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే. వాళ్లను వాహనంలో ఎక్కించుకుని పరీక్షలకు తీసుకువెళ్లేది. ఇళ్లకు వెళ్లి పలకరించేది. అంత్యక్రియల ఖర్చుకు సాయం అందేలా చూసేది. వైద్యులు మారుతూ వచ్చారు, ఆమె మారలేదు. ఆ పురుషులు నమ్మింది ఆమెనే. ఆమె ఆప్యాయత నటన అని చెప్పడానికి ఆధారం లేదు. అయినా ఆ ఆప్యాయతే వాళ్లను చికిత్స లేని అధ్యయనంలో కట్టిపడేసింది.

దీని నుంచి గ్రహించవలసింది ఇది. సత్యం లేని సంరక్షణ ప్రమాదకరం. “భయపడకమ్మా, చిన్న ఆపరేషనే, ఏం కాదులే” అని ప్రేమగా చెప్పి వేలిముద్ర వేయించుకున్న నర్సు తాను దయ చూపానని అనుకోవచ్చు. ఆ దయ రోగికి తెలుసుకునే అవకాశం లేకుండా చేసింది. సూత్రాలకు సంరక్షణ నీతి వెచ్చదనం ఇస్తుంది. సంరక్షణకు సూత్రాలు వెన్నెముక ఇస్తాయి. ఒకటి రెండోదాని స్థానంలోకి రాలేదు.

6. మన నేలపై ఒక పరీక్ష: గర్భసంచి తొలగింపు

నర్సింగ్ నీతి పాఠాల్లో ఉదాహరణలుగా కారుణ్య మరణం, అవయవ మార్పిడి, వెంటిలేటరు తొలగింపు ఎక్కువగా కనిపిస్తాయి. అవి ముఖ్యమైన ప్రశ్నలే. కానీ తెలుగు నేలపై లక్షల మంది స్త్రీల శరీరాలను తాకిన నైతిక ప్రశ్న వేరే ఉంది.

నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో జరిగింది. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. రాష్ట్రాలన్నింటిలోనూ ఇదే అత్యధికం. తెలంగాణ కూడా పై వరుసలోనే ఉంది. ఈ తేడాను జబ్బు ఒక్కటే వివరించలేదు.

కారణాలు అనేకం. మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారు, అదీ చాలావరకు చిన్న వయసులోనే. ఆ తరువాత ‘గర్భసంచితో ఇక పనిలేదు’ అన్న భావన ఇంట్లో, ఊళ్లో, కొన్నిసార్లు ఆసుపత్రిలో కూడా బలపడింది. తెల్లబట్టకు, నడుము నొప్పికి మందులతో నయం చేయగల కారణాలు ఎన్నో ఉన్నా, తొలగిస్తే పీడ పోతుందన్న మాట త్వరగా పాకుతుంది. గర్భసంచికి క్యాన్సరు వస్తుందన్న భయం తోడవుతుంది. పదేపదే ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణ వైపు, కూలిపనికి బెంగళూరుకు వలస వెళ్లే కుటుంబాలకు వారాల తరబడి సాగే చికిత్స కంటే ఒక్కసారితో ముగిసే ఆపరేషన్ తేలికగా కనిపిస్తుంది. డబ్బు మరో కారణం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలకు ఖరీదైన వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. శస్త్రచికిత్సకు ఇంత అని చెల్లించే ఏ పద్ధతిలోనైనా, మందులతో పోయే జబ్బుకు కూడా కత్తి పట్టే ప్రలోభం ఉంటుంది. అనవసరపు గర్భసంచి తొలగింపులపై విమర్శలు రావడంతో తరువాత ప్రభుత్వం ఈ శస్త్రచికిత్సపై ఆంక్షలు విధించింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర గర్భసంచి తొలగింపుల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఈ శస్త్రచికిత్స ఎప్పుడూ తప్పే అని మీరు అనుకోకూడదు. క్యాన్సరులో, పెద్ద గడ్డల్లో, మందులకు లొంగని రక్తస్రావంలో అది ప్రాణాన్ని, బతుకును నిలబెడుతుంది. ముప్పై ఏళ్ల వయసులో, ప్రత్యేకించి అండాశయాలతో సహా తొలగించినప్పుడు, ముట్లు ఆగిన స్థితి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒళ్లు ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బుల ముప్పు ఆమె ముందున్న దశాబ్దాల జీవితంలో భాగమవుతాయి. ఒంటి కష్టంతో బతికే మనిషికి ఎముకల బలమే ఆస్తి. ఈ సంగతి ఆమెకు ముందు తెలియాలి కదా?

ఇప్పుడు నాలుగు సూత్రాలను ఈ వివరాల పక్కన పెట్టి చూడండి. స్వయంనిర్ణయం: ఆమెకు విషయమే తెలియదు. మేలు: నొప్పి పోవచ్చు. కీడు: పదేళ్ల తరువాత కనిపించవచ్చు. న్యాయం: కూలి పోతుందన్న భయం లేని స్త్రీకి మందులతో ప్రయత్నించే సమయం దొరుకుతుంది, ఈమెకు దొరకదు. నాలుగవ సూత్రం మాట్లాడాల్సింది ఇక్కడే. పాఠ్యపుస్తకాల్లో న్యాయం అంటే పరికరాలను, పడకలను సమానంగా పంచడం అని కుదించేశారు. సమయం కూడా పంచవలసిన వనరే. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. మీ వార్డులో ఈ రోజు రాత్రి ఎందరికి ఎందరున్నారో లెక్కపెట్టండి. సమ్మతి ఎందుకు ఒక సంతకంగా కుదించుకుపోతుందో మీకే తెలుస్తుంది.

7. నిర్ణయం తీసుకునే క్రమం

నైతిక నిర్ణయానికి పాఠ్యపుస్తకాలు ఇచ్చే క్రమం మీకు తెలుసు: సమస్యను గుర్తించడం, సమాచారం సేకరించడం, ప్రత్యామ్నాయాలు చూడటం, సూత్రాలతో తూచడం, ఎంచుకోవడం, అమలు చేయడం, ఫలితాన్ని సమీక్షించడం. క్రమం మంచిదే. రాత్రి పదిగంటలకు, నలభై మంది రోగుల మధ్య, అంత పొడుగు క్రమం గుర్తుకు రాదు. దాన్ని మన సన్నివేశానికి తగినట్టు ఐదు ప్రశ్నలుగా కుదించుకుందాం.

ఒకటి, ఆమెకు ఏం తెలుసు? “అర్థమైందా?” అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా తలూపుతారు. “రేపు ఏం చేస్తారో నాకు చెప్పమ్మా” అని అడగండి. మన నర్సు అడిగిన ప్రశ్న సరైనది. జవాబులో ‘పుండు’ అన్న మాట వినగానే సమ్మతి లేదని తేలిపోయింది.

రెండు, చెప్పవలసింది ఎవరు? శస్త్రచికిత్స స్వభావాన్ని, ప్రత్యామ్నాయాలను, నష్టాలను వివరించడం వైద్యుడి బాధ్యత. నర్సు ఆ పనిని తన మీద వేసుకోకూడదు. వైద్యుడు చెప్పినదాన్ని ఆమె భాషలో విడమరచడం, ఆమె సందేహాన్ని వైద్యుడి దాకా చేర్చడం నర్సు పని.

మూడు, ఆమె ఒంటరిగా మాట్లాడిందా? రక్తపోటు చూసే వేళ, స్నానాల గది దాకా తోడు వెళ్లే వేళ ఇందుకు సరిపోతుంది. దీనికి ప్రత్యేకమైన గది కావాలని ఎదురుచూస్తే అది దొరకదు.

నాలుగు, ఆగితే ఏమవుతుంది? ప్రాణాపాయం ఉంటే ఆలస్యమే కీడు. ఇక్కడ అది లేదు. కొన్ని గంటలు ఆగడం వల్ల థియేటరు జాబితా మాత్రమే మారుతుంది.

ఐదు, రాశారా? నోటిమాట ఉదయానికి ఉండదు. “ఏ శస్త్రచికిత్స జరగబోతోందో రోగికి తెలియదు. సమ్మతి తీసుకోలేదు. డ్యూటీ డాక్టరుకు తెలియజేశాను” అని సమయంతో సహా నర్సింగ్ నోట్సులో రాయాలి. ఆ మూడు వాక్యాలు రోగికి రక్ష, నర్సుకూ రక్ష.

ఈ క్రమంలో నర్సు ఎవరినీ ధిక్కరించలేదు. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది, హెడ్ నర్సుకు చెప్పింది, పత్రాన్ని ఖాళీగా ఉంచింది. భర్త వచ్చాక అతనికీ మర్యాదగా చెప్పింది: “అన్నా, పొద్దున సారు వచ్చి ఇద్దరికీ చెప్తారు. అక్కకు తెలిసినాక అక్కే సంతకం పెడ్తుంది.” ఉదయం వివరాలు విన్నాక ఆ స్త్రీ శస్త్రచికిత్సే కావాలని అనవచ్చు. మందులు వాడి చూస్తానని అనవచ్చు. గుంటూరు నుంచి వచ్చాక చూద్దామని అనవచ్చు. మూడింటిలో ఏదైనా నర్సు పని సక్రమంగా జరిగినట్టే. ఫలానా జవాబు రాబట్టడం ఆమె బాధ్యత కాదు. జవాబు ఆ స్త్రీదే అయ్యేలా చూడటం ఆమె బాధ్యత.

8. ఒక ఆక్షేపణ

“ఇదంతా నర్సుపై మరో బరువు వేయడం కాదా? తక్కువ సిబ్బంది, కాంట్రాక్టు ఉద్యోగం, పై అధికారుల కోపం మధ్య ఆమె ఎలా ఎదురు నిలబడుతుంది?” అని మీరు అడగవచ్చు. ఈ ఆక్షేపణ న్యాయమైనది. వ్యక్తి ధైర్యం మీదే ఆధారపడే నీతి ఎక్కువ కాలం నిలవదు. సాయంత్రం ఆరులోపు వైద్యుడు వివరించని కేసు మరుసటి రోజు జాబితాలో చేరకూడదన్న నియమం, బొమ్మలతో తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లో సమ్మతి పత్రాలు, నర్సు రాసిన అభ్యంతరానికి జవాబు చెప్పే ఏర్పాటు ఉంటే ఒక్కొక్క నర్సు వీరవనిత కానవసరం లేదు. ఈ ఏర్పాట్లు అడగడం కూడా నైతిక చర్యే. అది ఒక్కరు చేసేది కాదు, వృత్తి మొత్తం కలిసి చేయవలసినది.

అవి వచ్చేదాకా ఏం చేయాలి? మంచం మీది మనిషిని ఒక ప్రశ్న అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఏర్పాట్లు లేవన్న కారణం ఆ రెండు నిమిషాలకు వర్తించదు.

9. సారాంశం

నాలుగు నైతిక సూత్రాలు పేదల మోసాన్ని చూసిన అనుభవం నుంచి రూపొందాయి. కనుక అవి మనకు పరాయివి కావు. అయితే అవి కుటుంబం మధ్య ఉన్న రోగిని, ఆదేశాల మధ్య ఉన్న నర్సును తగినంతగా పట్టించుకోవు. న్యాయం అన్న సూత్రాన్ని సమయానికి, వలసకు, కూలికి వర్తింపజేయడం మన పని. సంరక్షణ నీతి సూత్రాలకు మానవ స్పర్శ ఇస్తుంది, కానీ సత్యం లేకుండా అది మోసానికి తోడ్పడగలదు. గర్భసంచి తొలగింపు ఉదాహరణలో నర్సు నైతిక నిర్ణయం శస్త్రచికిత్స గదిలో కాక, సంతకానికి ముందు అడిగే ప్రశ్నలో ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ‘స్వయంనిర్ణయం పాశ్చాత్య భావన’ అన్న వాదనకు ఈ భాగం ఇచ్చిన సమాధానం ఏమిటి?
2. నర్సింగ్ నియమావళిలో 1953కు, 1973కు మధ్య వచ్చిన మార్పును రాయండి.
3. సమ్మతి పత్రంపై సాక్షిగా సంతకం చేయడానికి ముందు నర్సు ఏయే విషయాలు నిర్ధారించుకోవాలి?

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. సత్యం లేని సంరక్షణ ప్రమాదకరమన్న అభిప్రాయాన్ని టస్కీగీ ఉదంతం ఆధారంగా చర్చించండి.
2. మీరు పనిచేసిన లేదా చూసిన ఒక వార్డును దృష్టిలో ఉంచుకుని, పేర్లు చెప్పకుండా, అక్కడ సమ్మతి ఎలా తీసుకుంటున్నారో వివరించి, ఈ భాగంలోని ఐదు ప్రశ్నలతో విమర్శించండి. ఈ ఐదు ప్రశ్నలు చాలవని మీకు అనిపిస్తే ఆరవ ప్రశ్నను మీరే చేర్చి సమర్థించండి.